ఉప్పు, రక్తపోటు, మన ఇల్లు



మన విచారణల్లో నడివయసువారు హఠాత్తుగా చనిపోయినప్పుడు ఇరుగుపొరుగువారు చెప్పే మాట ఒకటుంది. "నిన్న సాయంత్రం దాకా బాగానే ఉన్నాడండి ఫాదర్‌గారూ. పసుపు తవ్వించి వచ్చాడు, అన్నం తిని పడుకున్నాడు, తెల్లారేసరికి లేడు." భూస్థాపన అయ్యాక ఇంటివారి దగ్గర కాసేపు కూర్చుంటే అసలు సంగతి మెల్లగా బయటికి వస్తుంది. ఆరు నెలల కిందట తల తిరిగితే డాక్టరు చూసి బి.పి. ఉందన్నాడు. బిళ్ళలు రాశాడు. ఒక నెల వాడాడు. ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేశాడు.

బాగుండటం వేరు, బాగున్నట్టు తోచటం వేరు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం మొదలుపెట్టినప్పుడు మాకు ముందుగా నేర్పే భేదం ఇదే. అక్కడ అది పుస్తకంలోని పాఠం. ఇక్కడ అది ఇంటి పెద్దదిక్కును తీసుకుపోయే విషయం. జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది, పన్ను పుచ్చితే నొప్పి పుడుతుంది. రక్తపోటు పెరిగితే చాలామందికి ఏమీ తెలియదు. తలనొప్పి రాలేదు కాబట్టి బి.పి. లేదు అనుకోవటం పొరపాటు. కొలిస్తేనే తెలుస్తుంది.

కొల్లూరు లంకల్లో ఇంజను పెట్టి నీరు తోడే రైతుకు దీని గురించి పెద్ద వివరణ అక్కరలేదు. ఇంజను గట్టిగా నడుస్తుండగా గొట్టాన్ని నొక్కిపట్టండి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒక్కరోజుకు ఏమీ కాదు. ఏళ్ళ తరబడి అలాగే నడిపితే గొట్టం పలచబడినచోట చిట్లుతుంది, ఇంజను కూడా అరిగిపోతుంది. మన రక్తనాళాలు చిట్లటమే కాదు, లోపల కొవ్వు పేరుకుని పూడుకుపోతాయి కూడా. మెదడులో చిట్లినా పూడినా పక్షవాతం. గుండెలో పూడితే గుండెపోటు. మూత్రపిండాల్లోని సన్నని నాళాలు కూడా ఇలాగే పాడవుతాయి. పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని, వేరువేరు రోజుల్లో చూసినా అంతకు తగ్గకుండా ఉంటే దానిని అధిక రక్తపోటు అంటారు.

పక్క డెల్టాలో తేలిన నిజం

"ఇదంతా పట్నంవారి జబ్బు ఫాదర్‌గారూ, మేము కష్టం చేసుకునేవాళ్ళం" అని మీరు అనవచ్చు. చాలాకాలం వైద్యులు కూడా అలాగే అనుకున్నారు. 2003 అక్టోబరు నుంచి 2004 సెప్టెంబరు వరకు ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఒక పరిశోధన జరిగింది. ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, మన రాష్ట్రపు వైద్యులు కలిసి చేశారు. ఆ గ్రామాల జనాభా సుమారు 1,80,000. ఏడాదిలో 1,354 మంది చనిపోయారు. వారు దేనివల్ల చనిపోయారో తెలుసుకోవాలి. మన పల్లెల్లో చావుకు డాక్టరు సర్టిఫికెట్టు ఎక్కడ ఉంటుంది? అందుకని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, చనిపోయినవారికి చివరి రోజుల్లో ఏమేమి జరిగిందో కుటుంబసభ్యులను అడిగి రాసుకున్నారు. ఆ రాతలను వైద్యులు చదివి కారణం నిర్ణయించారు.

ఆ పద్ధతి గురించి చదివినప్పుడు నాకు మన విచారణల్లోని మృతుల రిజిస్టరు గుర్తుకు వచ్చింది. పేరు, వయసు, తేదీ, సంస్కారాలు అందాయా లేదా, భూస్థాపన ఎక్కడ, ఇవన్నీ రాస్తాం. ఎందుకు చనిపోయారు అన్నచోట ఏదైనా రాస్తే అది "జబ్బుచేసి" అన్న ఒక్క మాటే. దుఃఖంలో ఉన్నవారి పక్కన కూర్చుని ఓపికగా అడిగితే ఆ ఒక్క మాట వెనుక ఎంత ఉందో ఆ గ్రామాల్లో తెలిసింది.

తేలింది ఏమిటంటే, మరణాల్లో నూటికి 32 గుండెజబ్బు, పక్షవాతం వంటి రక్తప్రసరణ వ్యాధుల వల్లనే. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు. ప్రమాదాలు, గాయాలవంటి కారణాలతో పోయినవారు నూటికి 13 మంది. వారిలో మూడోవంతు తమ ప్రాణం తామే తీసుకున్నవారు. ఆ సంగతి ఒక్క వాక్యంలో దాటిపోదగినది కాదు, దానికి వేరే వ్యాసం రాయాలి.

కృష్ణా డెల్టాకూ గోదావరి డెల్టాకూ పంటలో, పనిలో, తిండిలో తేడా ఎంత? అదే వరి అన్నం, అదే ఊరగాయ, అదే కాలవ గట్టు. అక్కడి లెక్క మనది కాదనుకోవటానికి నాకు కారణం కనిపించదు.

మన గుంటూరు మేత్రాసనానికి ఆరోగ్యసేవ కొత్తది కాదు. ఆస్ట్రేలియాలో వైద్యవిద్య చదివిన డాక్టర్ మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి, జె.ఎం.జె. సభలో కన్యస్త్రీగా చేరి, పోపుగారి ప్రత్యేక అనుమతితో మఠకన్యగా ఉంటూనే వైద్యం చేశారు. మన స్త్రీలు పురిట్లో చనిపోతున్న కాలమది. కలరా, మశూచి ఊళ్ళను ఊడ్చేస్తున్న కాలం. 1943లో ఆమె స్థాపించిన కతోలిక ఆసుపత్రుల సంఘం ఇప్పటికీ దేశమంతటా పనిచేస్తూనే ఉంది. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. ఆమె నాటి జబ్బులు నీటిలోనుంచి, దోమలోనుంచి, ఒకరి ఒంటినుంచి ఒకరి ఒంటికి వచ్చేవి. ఇప్పటి జబ్బు మన కంచంలోనుంచి వస్తున్నది.

కంచంలో ఏముంది?

చాలా ఉన్నాయి. పొగాకు ఉంది, సారా ఉంది, కూర్చున్నచోటినుంచి కదలకపోవటం ఉంది. అన్నిటి గురించీ ఒకేసారి చెబితే ఒక్కటీ గుర్తుండదు. నేను ఉప్పు ఒక్కటే తీసుకుంటున్నాను.

మన మతంలో ఉప్పుకు గొప్ప స్థానం ఉంది. ధాన్యబలులన్నిటా ఉప్పు ఉండాలని లేవీయకాండము (2:13) ఆదేశించింది. యెలీషా ప్రవక్త యెరికోలోని చెడునీటిలో ఉప్పు వేసి బాగుచేశాడు. ప్రభువు తన శిష్యులను ఉప్పుతో పోల్చాడు. లతీను పద్ధతిలో జ్ఞానస్నానం ఇచ్చిన రోజుల్లో శిశువు నాలుక మీద ఉప్పు కణిక పెట్టేవారు, మన తాతలకు అలాగే జరిగింది. గమనించండి, పెట్టింది కణికే. ఉప్పు మంచిదే, కాని కొద్దిగా ఉన్నంతసేపే అది ఉప్పు చేయవలసిన పని చేస్తుంది. పునీత తోమాసు అక్వినాసువారు మితమును మూల సుగుణాల్లో ఒకటిగా చెప్పటంలో భావం ఇదే. అది చెడ్డవాటిని మానటం గురించి కాదు, మంచివాటిని తగినంత తీసుకోవటం గురించి.

తగినంత అంటే ఎంత? పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు లోపే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. చిన్న చెంచాకు తలకొట్టి ఒక చెంచా. అన్నంలో, కూరలో, పచ్చడిలో, మజ్జిగలో వేసినదంతా కలిపి అంతే. మనం తింటున్నది ఎంత? తిన్న ఉప్పులో చాలా భాగం మూత్రంలో పోతుంది కాబట్టి, ఇరవైనాలుగు గంటల మూత్రాన్ని సేకరించి పరీక్షిస్తే ఆ రోజు తిన్న ఉప్పు లెక్క తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, ఢిల్లీ, హర్యానాలలోనూ కలిపి 1,395 మందిపై జరిగిన అటువంటి సర్వే 2017లో ప్రచురితమైంది. ఉత్తరాదివారు సగటున రోజుకు సుమారు 8.6 గ్రాములు తింటున్నారు, మన ఆంధ్రులు సుమారు 9.5 గ్రాములు. దాదాపు రెండు చెంచాలు.

ఉప్పు ఎక్కువైతే శరీరం దానిని పలచబరచటానికి నీటిని పట్టి ఉంచుతుంది. రక్తం పరిమాణం పెరుగుతుంది, నాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. 1988లో 32 దేశాల్లో పదివేల మందికి పైగా పరీక్షించిన పెద్ద పరిశోధన ఒకటి వెలువడింది. బ్రెజిల్ అడవుల్లోని యానోమామి తెగవారు విడిగా ఉప్పు వాడకం ఎరుగరు. వారిలో వయసు పెరిగినా రక్తపోటు పెరగలేదు. అయితే వారి జీవితం మన జీవితంవంటిది కాదు, తేడా ఉప్పులో ఒక్కదానిలోనే లేదు. అయినా "వయసు వచ్చాక బి.పి. రాకేం చేస్తుంది" అనే మన మాటను ఆ ఒక్క ఉదాహరణ ప్రశ్నిస్తున్నది.

ఇక్కడ అందరూ గమనించవలసిన విషయం ఒకటుంది. పడమటి దేశాలవారు తినే ఉప్పులో చాలా భాగం ఫ్యాక్టరీలోనే వారి రొట్టెలో, డబ్బా ఆహారంలో కలిసిపోయి వస్తుంది. దానిని తగ్గించాలంటే అక్కడి ప్రభుత్వాలు కంపెనీలతో మాట్లాడాలి. మన దగ్గర చాలా భాగం వంటింట్లో వేసిన ఉప్పే. చట్టం అక్కరలేదు, డాక్టరు చీటీ అక్కరలేదు. మన ఉప్పు డబ్బా మన చేతిలోనే ఉంది.

అయితే ఆ చెయ్యి ఎవరిది? అమ్మది, భార్యది, కోడలిది. ఆమె ఒక చిటికెడు తగ్గిస్తే ఏమవుతుంది? "ఇది కూరేనా" అని కంచం పక్కకు నెట్టే మగవాళ్ళు మన కుటుంబాల్లో ఉన్నారు. జపమాల చెప్పుకునే కుటుంబాల్లో కూడా ఉన్నారు. ఒక ఇంట్లో పక్షవాతం వచ్చి కాలు, చెయ్యి పడిపోయిన భర్తకు వ్యాధిగ్రస్తుల అభిషేకము ఇవ్వటానికి వెళ్ళాను. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పి రెండేళ్ళయిందట. ఆమె తగ్గించి వండిన ప్రతిసారీ ఇంట్లో గొడవేనట. అత్తగారు కూడా కొడుకు పక్షమేనట. "చివరికి ఆయన ఇష్టప్రకారమే వేశానండి. ఇప్పుడు అందరూ నీ వంటే నీ మొగుణ్ణి పడేసింది అంటున్నారు" అని ఏడ్చింది. ఉప్పు వేసిన చెయ్యి ఆమెది కావచ్చు, వేయించిన నాలుక వేరు. ఉప్పు తగ్గించే పని ఆడవారి మీద వదిలేసి మగవారు తీర్పు చెప్పే పని పెట్టుకుంటే ఏ ఇంట్లోనూ జరగదు. ఇంటి యజమాని ముందుగా "ఈ నెలనుంచి తగ్గించు, నేను మాట్లాడను" అని అందరి ఎదుట అనాలి. ఒకేసారి సగానికి తగ్గించమని కాదు. వారం వారం కొంచెం తగ్గిస్తే నాలుక కొన్ని వారాల్లో అలవాటుపడుతుంది. ఆ తరువాత పాత వంటే ఉప్పన అనిపిస్తుంది.

ఊరగాయ సంగతి అడుగుతారని తెలుసు. ఆవకాయలో, మాగాయలో ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుంది, నిలవుండదు. కాబట్టి పెట్టేటప్పుడు తగ్గించవద్దు, తినేటప్పుడు తగ్గించండి. మూడు పూటలా ఊరగాయే కూర అయిన ఇళ్ళలో ఒక పూట పప్పో, ఆకుకూరో చేయండి. ఎండుచేప వండిన రోజు మళ్ళీ ఉప్పు మిరపకాయలు వేయించకండి. విస్తరి మూల ఉప్పు వడ్డించే ఆచారాన్ని విచారణ పండుగ భోజనాల్లో మానుకోవచ్చు, ఎవరికీ లోటు కాదు. మజ్జిగలో ఉప్పు, జామకాయకు ఉప్పుకారం, ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గాని రోజు లెక్కలో కలుస్తాయి.

"చెమట పోసేవాళ్ళం, మాకు ఉప్పు కావాలి" అని కూలి పనికి వెళ్ళేవారు అంటారు. చెమటలో ఉప్పు పోయేది నిజమే. కాని ఎండకు అలవాటుపడిన శరీరం చెమటలో ఉప్పును పొదుపు చేసుకుంటుంది. 5 గ్రాముల తిండిలోనూ మామూలు రోజుకు సరిపడా ఉంటుంది. వడదెబ్బ తగిలినప్పుడు, వాంతులు విరేచనాలు అయినప్పుడు ఓ.ఆర్.ఎస్. తాగటం వేరే విషయం, అది చికిత్స. ఇక సైంధవ లవణం, రాళ్ళ ఉప్పు మంచివని ఎక్కువ ధర పెట్టి కొంటున్నవారికి ఒక మాట. చినగంజాం కొటార్లలో పండినా, హిమాలయాల నుంచి తెచ్చినా ఉప్పు ఉప్పే, రక్తపోటును పెంచే సోడియం అన్నిటిలోనూ దాదాపు అంతే. పైగా అయోడిన్ కలపని ఉప్పు తింటే పిల్లలకు, గర్భిణులకు నష్టం. అయోడిన్ ఉన్న ఉప్పే వాడండి, తక్కువ వాడండి.

సిద్దిపేటలో ఏడు గ్రామాలు

ఉప్పులో సోడియం కొంత తగ్గించి, దాని బదులు పొటాషియం కలిపిన ఉప్పు ఉంది. తెలంగాణలోని సిద్దిపేట ప్రాంతంలో ఏడు గ్రామాల్లో రక్తపోటు ఉన్న 502 మందిపై దానిని పరీక్షించారు. కొందరికి ఆ ఉప్పు, కొందరికి మామూలు ఉప్పు ఇచ్చారు. ఏది ఎవరిదో తినేవారికీ తెలియదు, బి.పి. చూసేవారికీ తెలియదు. మూడు నెలల తరువాత చూస్తే, కొత్త ఉప్పు తిన్నవారి పై అంకె మిగతావారికంటే సగటున 4.6 తక్కువగా ఉంది. ఆ ఫలితం 2021లో ప్రచురితమైంది. అదే ఏడాది చైనా నుంచి ఇంకా పెద్ద ఫలితం వచ్చింది. 600 గ్రామాల్లో దాదాపు 21,000 మందిని ఐదేళ్ళపాటు గమనిస్తే, అటువంటి ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది.

నాలుగున్నర అంకె ఒక లెక్కా అని మీకు తోచవచ్చు. ఒక మనిషికి అది చిన్నదే. జెఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ వైద్యుడు 1985లో ఒక వ్యాసంలో దీనికి సమాధానం చెప్పాడు. బి.పి. మరీ ఎక్కువగా ఉన్నవారు ఊళ్ళో కొద్దిమందే. కొంచెం ఎక్కువగా ఉన్నవారు చాలామంది. అందుకే మొత్తం మీద చూస్తే ఎక్కువ మరణాలు ఆ చాలామందిలోనే జరుగుతాయి. కాబట్టి జబ్బుపడిన కొందరికి మందివ్వటంతో పాటు ఊరంతా ఒక్క మెట్టు దిగాలి. పునీత పౌలుగారు ఒకే శరీరము, అనేక అవయవములు అని బోధించిన మనకు ఈ తర్కం కొత్తగా ఉండకూడదు.

ఒక హెచ్చరిక తప్పదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, పొటాషియం పెంచే మందులు వాడేవారు ఆ ఉప్పు వాడకూడదు, ప్రమాదం. ఈ రకం ఉప్పుపై 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సలహా గర్భిణులకు, పిల్లలకు వర్తించదు. ఉద్దానం సంగతి తెలిసిన మన రాష్ట్రంలో, మూత్రపిండాల జబ్బు ఉండి కూడా తెలియనివారు ఎందరో. డాక్టరును అడగకుండా కొనకండి. వేసే ఉప్పు తగ్గించటానికి ఈ చిక్కు లేదు, ఖర్చు అసలే లేదు.

బిళ్ళ, ప్రార్థన

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం మన దేశంలో 30 నుంచి 79 ఏళ్ళవారిలో సుమారు 18 కోట్ల 80 లక్షల మందికి అధిక రక్తపోటు ఉంది. ఆ సంగతి తెలిసినవారు నూటికి 37 మంది, మందు వాడుతున్నవారు 30 మంది, అదుపులో ఉన్నవారు 15 మంది. అంటే మందు వాడేవారిలో కూడా సగం మందికి అది పనిచేయటం లేదు. కారణాలు చాలా ఉన్నాయి. కొందరు రోజు మార్చి రోజు వేసుకుంటారు, కొందరు తల తిరిగిన రోజే వేసుకుంటారు. పశ్చిమ గోదావరి గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి చిన్న కంప్యూటరు యంత్రాలు ఇచ్చి, ప్రమాదం ఉన్నవారిని ఇంటింటా గుర్తించి డాక్టరు దగ్గరకు పంపే ప్రయత్నం జరిగింది. దాని ఫలితం 2019లో వచ్చింది. బి.పి. అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ శాస్త్రవేత్తలు దానిని దాచకుండా ప్రచురించారు, అందుకు వారిని గౌరవించాలి. జబ్బును కనిపెట్టటం ఒక పని. నెల నెలా బిళ్ళ ఇంటికి చేరటం, అది రోజూ నోట్లో పడటం వేరే పని. ఈ రెండో పనికి యంత్రం చాలదు, ఇంట్లో మనిషి కావాలి. రాత్రి జపమాల అయ్యాక "నాన్నా, బిళ్ళ వేసుకున్నావా" అని అడిగే మనవరాలు కావాలి.

ఇంకో కారణం చెప్పటానికి బాధగా ఉంది. కొన్ని స్వస్థత కూటాల్లో "బిళ్ళ మింగితే విశ్వాసం లేనట్టే" అని బోధిస్తున్నారు. మనవారు కూడా వెళ్ళి విని వచ్చి మందులు చెత్తకుండీలో వేస్తున్నారు. ఇది కతోలిక విశ్వాసం కాదు. సీరా జ్ఞానగ్రంథము 38వ అధ్యాయము తీసి చదవండి. వైద్యునికి, మందుకు అక్కడ ఎంత గౌరవం ఉందో చూడండి. ప్రార్థన చేయమన్న ఆ అధ్యాయమే వైద్యుని పిలవమని కూడా చెబుతున్నది. పౌలుగారు తిమోతికి కడుపుజబ్బుకు కొద్దిగా ద్రాక్షరసం పుచ్చుకోమని సలహా ఇచ్చారు (1 తిమోతి 5:23), ప్రార్థన ఒక్కటే చాలు అనలేదు. ఆయన వెంట నడిచిన లూకాగారు వైద్యుడు. ప్రాణము, ఆరోగ్యము దేవుడు మనకు అప్పగించిన వరములని, వాటిని తగినవిధంగా చూసుకోవాలని శ్రీసభ సత్యోపదేశము 2288వ పేరాలో నేర్పుతున్నది. స్వస్థత దొరికిందని ఎవరికైనా అనిపిస్తే ముందు బి.పి. కొలిపించుకోండి, అంకె చూసి డాక్టరు మానమంటే మానండి. దేవుడు చేసిన మేలు పరీక్షకు నిలబడుతుంది.

తపఃకాలంలో ఉపవాసం చేసే పెద్దవారు కూడా బిళ్ళ మానకూడదు. ఉపవాసం ఆహారానికే, మందుకు కాదు. అనారోగ్యంతో ఉన్నవారిని శ్రీసభ ఉపవాస నియమం నుంచి మినహాయించింది.

ముప్పై ఏళ్ళు దాటిన ప్రతివారూ ఏడాదికి ఒకసారైనా బి.పి. చూపించుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డబ్బు తీసుకోరు, బిళ్ళలు కూడా అక్కడ ఉచితమే. చూపించుకునేముందు అరగంటసేపు కాఫీ, టీ, చుట్ట వద్దు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తున పెట్టి, మాట్లాడకుండా ఉండండి. బస్సు దిగి పరుగున వచ్చి చూపించుకున్న అంకె లెక్కలోకి రాదు. రెండుసార్లు కొలవమని అడగండి. ఆ అంకెలు, తేదీ ఒక నోటుపుస్తకంలో రాసుకుని, మళ్ళీ వెళ్ళినప్పుడు చూపించండి.

మూతి ఒక పక్కకు లాగినా, ఒక చెయ్యి ఎత్తలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు. పసరు వైద్యానికి గాని, పావురం రక్తం రాయటానికి గాని తీసుకుపోవద్దు. నోట్లో నీళ్ళు కూడా పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెదడులో రక్తం గడ్డకట్టటం వల్ల వచ్చిన పక్షవాతానికి నాలుగున్నర గంటల లోపు ఇంజెక్షను ఇస్తే చాలామంది కోలుకునే అవకాశం ఉంది, కాని ముందు స్కానింగు తీయాలి, దానికీ సమయం పడుతుంది. కాబట్టి వెంటనే 108కు ఫోను చేయండి. స్కానింగు ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్ళమని చెప్పండి. మాట పడిపోయింది సరిగ్గా ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకోండి, అక్కడ డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.